పెళ్లయితే పిల్ల పెద్దదవుతుందా?

(నల్గొండలో మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నన్ను మాట్లాడమన్న విషయం "మైనర్లకు చట్టపరమైన విముక్తి, తల్లిదండ్రుల పోషణ బాధ్యత". ఈ మాట వినగానే ఇదేదో పట్నం సంగతి, లేకపోతే విదేశాల సంగతి అని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. మొదట నాకూ అలాగే అనిపించింది. కానీ పాలమూరు, నల్గొండ ఊళ్లల్లో మనం రోజూ చూసే ఆడపిల్లలను తలుచుకుంటే ఇది పూర్తిగా మన సంగతే అని అర్థమవుతుంది. అందుకే చట్టంతో కాకుండా ఒక పిల్లతో మొదలుపెడతాను.

మక్తల్ వైపు ఒక ఊరు. తల్లిదండ్రులు ప్రతి ఏడూ దసరా పోగానే మేస్త్రీ వెంట పుణె పోయి బిల్డింగు పని చేసే కూలీలు. పిల్ల తొమ్మిదో తరగతి చదువుతోంది, వయసు పదిహేను. "పెద్దపిల్లను ఎవరి దగ్గర ఇడిసిపెట్టి పోవాలె?" అని ఆ ఏడు వలస పోయే ముందే లగ్గం చేశారు. ఏడాది తిరిగేసరికి అల్లుడు ఆమెను తల్లిగారింటి దగ్గర దింపి మళ్లీ రాలేదు. ఒప్పుకున్న పైసలు పూర్తిగా ఇవ్వలేదు కాబట్టి తీసుకుపోమని అత్తగారు అన్నారు. "ఇచ్చేసిన పిల్ల. ఇగ ఆమె మంచి చెడ్డ వాళ్లే సూసుకోవాలె" అని తండ్రి అన్నాడు. మా కార్యకర్తలు అడిగితే, ముందు భర్త మీద కేసు వేయాలి, తండ్రి జోలికి పోకండి అని ఒక వకీలు సలహా ఇచ్చాడు. భర్త అడ్రసేమో పుణెలో నెలకొకచోటికి మారే కూలీల గుడిసె. పిల్ల ముసలి నాయనమ్మకు వండిపెడుతూ, సీడ్ పత్తి చేన్లలో క్రాసింగ్ పనికి పోతోంది.

ఆమె మా కార్యకర్తతో అన్న మాట ఇది: "అక్కా, నాయిన ఇంట్ల నేను లెక్కకు రాను. అత్తగారింట్ల లెక్కకు రాను. మరి నేను ఎవరి లెక్క?"

ఈ ప్రశ్నకు చట్టం ఏం జవాబు చెబుతుందో చూద్దాం.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో మైనర్ల విముక్తి అనే పద్ధతి ఉంది. ఉదాహరణకు కాలిఫోర్నియాలో పద్నాలుగేళ్లు నిండిన పిల్లలు తల్లిదండ్రుల ఒప్పుదలతో వేరుగా ఉంటూ, తమ డబ్బు సంగతి తామే చూసుకుంటూ ఉంటే కోర్టుకు పోయి విముక్తి ప్రకటన పొందవచ్చు. అప్పటి నుంచి ఒప్పందాలు చేసుకోవచ్చు, సొంతంగా దావా వేయవచ్చు, ఎక్కడ ఉండాలో తామే నిర్ణయించుకోవచ్చు. దాంతోపాటు తల్లిదండ్రుల మీద పోషణ భారం కూడా పోతుంది. పెళ్లి చేసుకున్నా, సైన్యంలో చేరినా కూడా విముక్తే. అంటే అక్కడి లెక్క ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో పుచ్చుకోవడం: స్వేచ్ఛ వస్తుంది, పోషణ పోతుంది.

మన దేశంలో ఇలాంటి చట్టం లేదు. 1875 నాటి మెజారిటీ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండితేనే మేజర్. అంతకు ముందు ఏ కోర్టూ పిల్లలను మేజర్లుగా ప్రకటించదు. అయితే మన చట్టాల్లో ఆడపిల్లకు మాత్రమే వర్తించే ఒక దొడ్డిదారి ఉంది. అదే పెళ్లి. 1956 హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ఆరో సెక్షను చూడండి. పెళ్లికాని పిల్లకు సహజ సంరక్షకుడు తండ్రి, ఆ తరువాత తల్లి. పెళ్లయిన మైనర్ పిల్లకు సంరక్షకుడు భర్త. 1890 గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కూడా అదే దారి పట్టింది. భర్త అనర్హుడని కోర్టు అనుకుంటే తప్ప, పెళ్లయిన మైనర్ ఆడపిల్లకు ఇంకొక సంరక్షకుడిని నియమించదు. అంతకన్నా విచిత్రం, మైనర్ అయిన మగపిల్లవాడు ఇంకే మైనర్‌కూ సంరక్షకుడు కాలేడు గానీ, తన భార్యకూ పిల్లలకూ కావచ్చునని ఆ చట్టం ఒప్పుకుంటుంది!

సంరక్షకత్వంలో "తండ్రి, ఆ తరువాత తల్లి" అన్న మాటను మన ఉద్యమాలు ప్రశ్నించాయి. 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు "తరువాత" అంటే తండ్రి చనిపోయిన తరువాత అనే కాదు, తండ్రి పట్టించుకోని చోట కూడా అని అర్థం చెప్పింది. తల్లికి కొంత చోటు దొరికింది. పెళ్లయిన పిల్ల సంరక్షకుడు భర్త అన్న వాక్యం మాత్రం పుస్తకంలో అలాగే ఉంది.

పోషణ సంగతి కూడా ఇంతే. 1956 హిందూ దత్తత, మనోవర్తి చట్టం 20వ సెక్షను కింద పిల్లలను పోషించే బాధ్యత తల్లికీ తండ్రికీ ఇద్దరికీ ఉంది. మనోవర్తి అంటే తిండి, బట్ట, ఇల్లు, చదువు, వైద్యం అని ఆ చట్టమే చెబుతుంది. కూతురు తనను తాను పోషించుకోలేకపోతే మేజర్ అయిన తరువాత కూడా ఈ హక్కు ఉంటుందని 2020లో అభిలాష కేసులో సుప్రీంకోర్టు మళ్లీ స్పష్టం చేసింది. కానీ ఒక షరతు, కూతురు అవివాహిత అయి ఉండాలి. పెళ్లికాని కూతురి విషయంలో మనోవర్తి అంటే పెళ్లి ఖర్చు కూడా అని ఇదే చట్టం కలిపింది. చట్టం దృష్టిలో ఆడపిల్ల మీద తండ్రి పెట్టే ఆఖరి ఖర్చు ఆమె పెళ్లి ఖర్చే. మన రాష్ట్రంలో 2014 అక్టోబరు 2న మొదలైన కళ్యాణలక్ష్మి పథకం సాయం 51,000 రూపాయల నుంచి 2018కి 1,00,116 రూపాయలకు పెరిగింది. పద్దెనిమిదేళ్లు నిండాలన్న షరతు వల్ల కొన్ని పెళ్లిళ్లు ఆగి ఉంటాయి, కాదనను. కానీ ఆ డబ్బు కూడా పెళ్లి అనే గడప దగ్గరే నిలబడి ఉంది.

ఇప్పుడు మన పిల్ల దగ్గరకు వద్దాం. ఆమెకు పెళ్లి వల్ల ఏ స్వేచ్ఛా రాలేదు. ఆమె మైనరే. సొంతంగా దావా వేయలేదు, ఒప్పందం చేసుకోలేదు, ఓటు లేదు, ఎక్కడ ఉండాలో చెప్పలేదు. కానీ తండ్రి మీద హక్కు పోయిందని ఊరంతా అంటోంది. అమెరికా పిల్ల పోషణ వదులుకుని స్వేచ్ఛ తీసుకుంటుంది. మన పిల్ల పోషణ పోగొట్టుకుంటుంది, బదులు ఏమీ దొరకదు. ఇక్కడ విముక్తి పొందేది పిల్ల కాదు, తండ్రి.

మరి నిజంగా తండ్రి బాధ్యత పోయిందా? ఊరు చెప్పేదీ, ఆ వకీలు చెప్పిందీ తప్పు అని చెప్పడానికే నేను ఈ రోజు మీ ముందుకు వచ్చాను. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షను మనందరికీ తెలుసు. భర్త వదిలేసిన ఎందరో ఆడవాళ్ల తరఫున ఆ దరఖాస్తులు రాశాం. 2024 జూలై 1 నుంచి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షను అయింది. అందులో భార్య గురించి ఉన్న మొదటి ముక్క దగ్గరే మనం ఆగిపోతాం. రెండో ముక్క చదవండి. తనను తాను పోషించుకోలేని పిల్లలు, సక్రమ సంతానమైనా కాకపోయినా, "పెళ్లయినా కాకపోయినా" తండ్రి నుంచి మనోవర్తి అడగవచ్చు. దాని కింద ఇంకో మాట ఉంది. పెళ్లయిన మైనర్ కూతురి భర్తకు తగినంత స్తోమతు లేదని మేజిస్ట్రేటు నమ్మితే, ఆమె మేజర్ అయ్యేవరకు మనోవర్తి ఇమ్మని ఆమె తండ్రిని ఆదేశించవచ్చు.

అంటే ఒక చట్టం పెళ్లితో తండ్రిని వదిలేస్తుంటే ఇంకో చట్టం పట్టుకుంటోంది. పెళ్లి బాల్యాన్ని రద్దు చేయదు, తండ్రి బాధ్యతనూ రద్దు చేయదు అని చెప్పే ఈ ఒక్క వాక్యాన్ని మనం తగినంతగా వాడుకోలేదు.

దేవరకొండ, చందంపేట తండాల్లో పనిచేసే మిత్రులు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. తెలంగాణలో లంబాడీలు షెడ్యూల్డు తెగ. హిందూ వివాహ చట్టం, సంరక్షకత్వ చట్టం, దత్తత-మనోవర్తి చట్టం, ఈ మూడింటిలోనూ షెడ్యూల్డు తెగలకు కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప వర్తించవని రాసి ఉంది. కాబట్టి తండా పిల్ల తరఫున హిందూ చట్టం కింద దరఖాస్తు పెడితే మొదటి వాయిదాలోనే అభ్యంతరం వస్తుంది. కానీ 144వ సెక్షనుకు మతం లేదు, తెగ లేదు. ముస్లిం పిల్లలకు కూడా తండ్రి నుంచి మనోవర్తి హక్కు ఉందని 1997లో నూర్ సబా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బాల్య వివాహ నిషేధ చట్టం కూడా అందరికీ ఒకటే.

ఆ నిషేధ చట్టానికి మన జిల్లాల్లో ఒక చరిత్ర ఉంది. 1929 నాటి శారదా చట్టం బ్రిటిష్ ఇండియా చట్టం కాబట్టి నిజాం రాజ్యంలోని మన ఊళ్లకు అప్పట్లో వర్తించలేదు. 1931లో దేవరకొండలో ఆంధ్ర మహాసభ జరిగే నాటికి ఇక్కడి ఆడపిల్లకు ఆ కాగితపు రక్షణ కూడా లేదు. తరువాత వచ్చిన రక్షణ కూడా కనీస వయసు పెంచుకుంటూ పోయిందే తప్ప, జరిగిపోయిన పెళ్లిలో చిక్కుకున్న పిల్ల గురించి ఆలోచించలేదు. 1978లో ఆడపిల్లకు 18 ఏళ్లు, మగపిల్లవాడికి 21 చేశారు. జరిగిన పెళ్లిని వద్దనే హక్కు పిల్లకు ఇచ్చింది 2006 చట్టం. అది 2007 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది.

ఈ చట్టం కింద పిల్ల తన పెళ్లిని రద్దు చేయమని జిల్లా కోర్టును కోరవచ్చు. మేజర్ అయిన తరువాత రెండేళ్లలోపు, అంటే ఇరవై ఏళ్లు నిండేలోపు, ఎప్పుడైనా అడగవచ్చు. మైనర్‌గా ఉండగానే అడగాలంటే సంరక్షకుడు గానీ "నెక్స్ట్ ఫ్రెండ్" గానీ బాల్య వివాహ నిషేధ అధికారితో కలిసి పిటిషను వేయాలి. ఆ నెక్స్ట్ ఫ్రెండ్ మనలో ఎవరైనా కావచ్చు. రద్దు చేసేటప్పుడు ఇచ్చిపుచ్చుకున్న నగలు, డబ్బు తిరిగి ఇప్పించాలి. ఆమె మళ్లీ పెళ్లి చేసుకునేవరకు భర్త మనోవర్తి ఇవ్వాలని కోర్టు ఆదేశించవచ్చు. భర్త కూడా మైనర్ అయితే అతని తల్లిదండ్రులు ఇవ్వాలి. పిల్లలు పుట్టి ఉంటే వాళ్లు సక్రమ సంతానమే, వాళ్ల పోషణ కూడా తేల్చాలి.

కాగితం మీద బాగుంది. అయితే ఇందులో ఆమె కన్నతండ్రి ఎక్కడ? ఈ చట్టంలో తండ్రి పెళ్లి జరిపించిన నేరస్తుడిగా కనిపిస్తాడు, పోషించాల్సిన వాడిగా కనిపించడు. జైలు, జరిమానా ఉన్నాయి. పిల్లకు రేపటి అన్నం మాత్రం పుట్టింటి నుంచి రాదు. మన వకీళ్లతో నేను చెప్పమనే వాదన ఇది. కోర్టు రద్దు చేసిన పెళ్లి లేనట్టే. పెళ్లి లేకపోతే ఆమె అవివాహిత కూతురే. హిందూ కుటుంబమైతే 20వ సెక్షను కింద చదువుతో సహా మనోవర్తి మళ్లీ తండ్రి మీదికి రావాలి.

పాలమూరు సరిహద్దులో పనిచేసేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. నారాయణపేట, మక్తల్ వైపు నుంచి రాయచూరు, యాదగిరి జిల్లాలకు పిల్లనిచ్చి పుచ్చుకోవడం మామూలే. కర్ణాటక 2017లో చట్టం సవరించి, అక్కడ ఇలాంటి పెళ్లి మొదటి నుంచీ చెల్లదని పెట్టింది. మన వైపు పిల్ల కోర్టుకు పోయి రద్దు చేయించుకునేదాకా చెల్లుతుంది. కొన్ని ప్రత్యేక సందర్భాల్లోనే, పిల్లను అమ్మినా, మోసగించినా, కోర్టు నిషేధాజ్ఞ దాటి చేసినా, మొదటి నుంచీ చెల్లదు. మన రాష్ట్రంలో కూడా కర్ణాటకలా చేయాలని కొందరు మిత్రులు అడుగుతున్నారు. నేను వద్దనను. కానీ చెల్లని పెళ్లి అన్న ముద్రతో భర్త తప్పుకుని, ఇచ్చేసిన పిల్ల అన్న ముద్రతో తండ్రి తప్పుకుంటే ఆమె ఎవరి గుమ్మం తట్టాలి? పెళ్లి చెల్లదనే ప్రతి సవరణలోనూ పోషణ ఎవరిదో అదే చోట రాయాలని మనం పట్టుబట్టాలి. 2017 అక్టోబరులో ఇండిపెండెంట్ థాట్ కేసులో, పద్దెనిమిదేళ్లలోపు భార్యతో సంభోగం కూడా అత్యాచారమే అని సుప్రీంకోర్టు చెప్పినప్పుడు మనం సంతోషించాం. సంతోషించాల్సిందే. అయితే కేసు పెట్టిన రోజు రాత్రి ఆ పిల్ల ఎక్కడ పడుకుంటుంది, ఎవరి చేతి అన్నం తింటుంది అన్న ప్రశ్న ఆ తీర్పు తరువాత కూడా మన ముందు అలాగే ఉంది.

ఇంతవరకు పెళ్లయిన పిల్ల సంగతి చెప్పాను. పెళ్లి వద్దని ఎదురు తిరిగిన పిల్ల సంగతి కూడా చూడాలి. 1098కి ఫోను చేసి పెళ్లి ఆపించుకున్న పిల్లల ఫోటోలు పత్రికల్లో చూస్తుంటాం. మెచ్చుకుంటాం. ఆ తరువాత? "పరువు తీసినవు, నీకు తిండెట్ల పెట్టాలె" అని ఇంట్లో మాట్లాడటం మానేస్తారు, బడి మాన్పిస్తారు. పెళ్లి ప్రమాదంలో ఉన్న పిల్ల రక్షణ అవసరమైన బిడ్డ అని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం గుర్తించింది. బాలల సంక్షేమ కమిటీ ఆమెను హోములో చేర్పించవచ్చు. కానీ తప్పు చేసింది పెద్దలు, ఇల్లు వదలాల్సింది పిల్లా? ఇక్కడ 20వ సెక్షను మన చేతిలో ఉంది, 144వ సెక్షను ఉంది. పెళ్లికి ఒప్పుకోలేదని కూతురికి తిండీ చదువూ ఆపే హక్కు ఏ తండ్రికీ లేదు.

ఇంకో పిల్ల ఉంది. ఇష్టపడి ఇల్లు వదిలి పోయే పదిహేడేళ్ల పిల్ల. తండ్రి కిడ్నాప్ కేసు పెడతాడు. పిల్లను "సంరక్షకుడి నుంచి తీసుకుపోయారు" అన్నదే అక్కడ నేరం. నిన్నటిదాకా పట్టించుకోని తండ్రి ఆ రోజు సంరక్షకుడు అవుతాడు! మేజర్ కావడానికి దగ్గరగా ఉన్న, మంచి చెడ్డలు తెలిసిన పిల్ల తనంతట తాను వెళ్తే తీసుకుపోయినట్టు కాదని వరదరాజన్ కేసులో సుప్రీంకోర్టు 1960లలోనే చెప్పింది. మన చట్టంలో మైనర్ ఆడపిల్ల మనసును గుర్తించిన అరుదైన మాట అది. పెళ్లి వయసును 21కి పెంచే బిల్లు 2021లో లోక్‌సభకు వచ్చి, 2024లో ఆ సభ కాలం ముగియడంతో రద్దయింది. అప్పుడు మనలో చాలామందిమి వ్యతిరేకించింది ఇందుకే. కాపలా పెంచితే తండ్రికి అధికారం పెరుగుతుంది. బాధ్యత పెరగదు.

జోగిని ఆచారం ఉన్న ఊళ్లలో ఈ విషయం ఇంకా నగ్నంగా కనిపిస్తుంది. దేవత పేరు చెప్పి దళిత పిల్లను ఊరి మగవాళ్లకు వదిలేశారు. ఆమెకు భర్త లేడు, ఆమె పిల్లలకు తండ్రి పేరు లేదు. 1988లో దాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. కానీ ఆ పిల్లల తండ్రులు ఎవరో ఊరికి తెలుసు. 144వ సెక్షను "సక్రమ సంతానమైనా కాకపోయినా" అంటుంది. మరి ఆ పెద్దమనుషుల మీద దరఖాస్తులు ఎన్ని వేశాం? సాక్ష్యం చెప్పడానికి ఎవరు వస్తారు? చట్టం ఉండటం వేరు, భూమి ఉన్నవాడి మీద భూమి లేని మనిషి దాన్ని ప్రయోగించడం వేరు.

ఇక్కడ మనల్ని మనం ఒక మాట అడగాలి. కూలికి పోయే తండ్రి మీద కేసు వేయమని చెప్పడం న్యాయమా? ఆ మక్తల్ పిల్ల కూడా ఇదే అడిగింది. "నాయిన జైలుకు పోతడా అక్కా?" అంది. మనోవర్తి ఆదేశం ధిక్కరిస్తే జైలు ఉన్నమాట నిజం. ఆమెకు అబద్ధం చెప్పలేదు. రెండు వారాలు ఆలోచించుకుని, భర్త మీదా తండ్రి మీదా దరఖాస్తుకు ఒప్పుకుంది. నోటీసు చూసి తండ్రి సంఘం ఇంటి ముందుకు వచ్చి కేకలు వేశాడు. తరువాత మెత్తబడ్డాడు. వలసకు పోయేటప్పుడు తల్లి ఊళ్లోనే ఆగింది. పిల్ల ఓపెన్ స్కూలులో పదో తరగతికి కట్టింది. కోర్టులో ఆదేశం రాకముందే ఆమెకు పద్దెనిమిది నిండాయి. దీన్ని విజయమని నేను అనను. ఆ తల్లి పోగొట్టుకున్న ఆరు నెలల కూలి ఎవరూ ఇవ్వలేదు.

కాబట్టి తండ్రి బాధ్యత అని మనం అన్నప్పుడల్లా ప్రభుత్వ బాధ్యత కూడా అనాలి. వలసపోయే కుటుంబాల పిల్లలు ఊళ్లో నిలవడానికి హాస్టళ్లు, కస్తూర్బా పాఠశాలల్లో ఏడాది మధ్యలో కూడా సీటు, పెళ్లయి తిరిగొచ్చిన పిల్లకు కూడా సీటు. పెళ్లికి లక్ష ఇవ్వగల రాష్ట్రం పెళ్లి వద్దన్న పిల్ల చదువుకు కూడా ఇవ్వాలి. నేరం పేదరికానిది అయిన చోట శిక్ష పేదలకు ఒక్కరికే పడకూడదు.

ఇక మన పని. నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను.

మొదటిది, పెళ్లయిన మైనర్ పిల్ల మన దగ్గరకు వచ్చినప్పుడు ఆమె వయసు కాగితం ముందు సంపాదించండి. బడి రికార్డు, పుట్టిన సర్టిఫికెట్ లేకపోతే ఏ చట్టమూ కదలదు.

రెండోది, మనోవర్తి దరఖాస్తు భర్తతో పాటు తండ్రి మీద కూడా వేయవచ్చునని గుర్తుపెట్టుకోండి. భర్తకు స్తోమతు లేదని చూపించాల్సిన పని మనదే. కూలి వివరాలు, వలస వివరాలు రాసి పెట్టండి.

మూడోది, ఆలస్యం చేయకండి. తండ్రి మీద ఈ హక్కు ఆమెకు పద్దెనిమిది నిండేదాకానే. మనోవర్తిని దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే ఇవ్వాలని 2020లో రజనీష్-నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే మనం ఆలస్యం చేసిన ప్రతి నెలా ఆమె నష్టపోతుంది. మధ్యంతర మనోవర్తి కూడా తప్పకుండా అడగండి.

నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యమైనది. ఏం చేయాలో పిల్లను అడగండి. తండ్రి అడగలేదు, భర్త అడగలేదు, కోర్టు నెక్స్ట్ ఫ్రెండ్‌ను అడుగుతుంది. మనం కూడా అడగకుండా ఆమె తరఫున నిర్ణయిస్తే ఆమెకు ఇంకో సంరక్షకుడు దొరికినట్టే.

పిల్లలను తల్లిదండ్రుల నుంచి తొందరగా విడిపించమని నేను అడగడం లేదు. పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఆడపిల్లను కూడా బిడ్డగా చూడమనీ, ఆ బాధ్యతను పసుపుతాడుతో ఇంకొకరికి అప్పజెప్పవద్దనీ అడుగుతున్నాను. "నేను ఎవరి లెక్క?" అన్న పిల్లకు, నువ్వు ఎవరి లెక్కా కాదు, నీకే ఒక లెక్క ఉంది, అది ఇంకా ఎవరెవరు నీకు బాకీ ఉన్నారో చూద్దాం రా అని మనం చెప్పగలగాలి.